మా ఆయనకు రెండు నెలల సెలవు: గోలీలా, ఇంజక్షనా, కాపర్-టీనా?

కోరుట్ల_కోడలు

అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్లు, మూడేళ్ల పాప ఉంది. మా ఆయన దుబాయ్‌లో డ్రైవర్. ఏడాదికోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఈసారి దసరాకు ముందే వస్తున్నాడు. రెండో బిడ్డ కావాలి కానీ ఇప్పుడే కాదు. వీసా కోసం తెచ్చిన అప్పు ఇంకా ఉంది, అది తీరాక వచ్చే ఏడు సెలవులో అనుకున్నాం.

మెడికల్ షాపులో అడిగితే ఏవో గోలీలు చూపించారు. మా ఊరి ఆశా అక్క 'అంతర' ఇంజక్షన్ తీసుకో, మూడు నెలల దాకా చూసుకునే పని లేదు అంటోంది. మా తోడికోడలేమో హార్మోన్ గోలీలు మింగితే గర్భసంచి ఎండిపోతుంది, తర్వాత పిల్లలే పుట్టరు అని భయపెడుతోంది. నాకు పీరియడ్స్ ఎక్కువ అవుతాయి. పోయిన నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది. వాడినవాళ్లు, తెలిసినవాళ్లు మంచీ చెడ్డా రెండూ చెప్పండి. ఇంట్లో ఇవన్నీ అడగడానికి నాకు మనిషి లేదు.

సుబేదారి_సిస్టర్ (హనుమకొండ, రిటైర్డ్ స్టాఫ్ నర్సు)

చెల్లె, ముందు ఆ ఎండిపోవడం భయం తీసెయ్. ప్రసూతి వార్డులో పనిచేసినన్నాళ్లూ ఈ మాట వింటూనే ఉన్నాను. మాలా-ఎన్ లాంటి గోలీలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అని రెండు హార్మోన్లు ఉంటాయి. అవి వేసుకుంటున్నన్నాళ్లు అండం విడుదల కాదు. గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురు కూడా చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. గోలీలు ఆపేస్తే చాలామందిలో ఒకటి రెండు నెలల్లోనే అండం మళ్లీ మామూలుగా విడుదలవుతుంది. ఆపిన నెలలోనే నెల తప్పినవాళ్లూ ఉంటారు.

గోలీల వల్ల నీకున్న పెద్ద లాభం పీరియడ్స్‌లో పోయే రక్తం తగ్గడం. హిమోగ్లోబిన్ 9 ఉన్నదానికి అది చిన్న విషయం కాదు. మాలా-ఎన్ షీటులో 28 గోలీలు ఉంటే 21 హార్మోన్‌వి, రంగు వేరేగా ఉన్న మిగతా 7 ఐరన్ గోలీలు. కడుపునొప్పి కూడా తగ్గుతుంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో అండాశయ క్యాన్సర్, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ తక్కువగా వస్తాయి. మానేశాక కూడా ఆ రక్షణ చాలా ఏళ్లు ఉంటుంది. ఇది మనవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇక చెడ్డ. మొదటి రెండు మూడు నెలలు వికారం, రొమ్ముల్లో సలుపు, మధ్యమధ్యలో మరకలు కనబడడం మామూలే, చాలామందిలో తర్వాత సర్దుకుంటాయి. వాడుతున్నన్నాళ్లు రొమ్ము క్యాన్సర్ ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది, ఆపాక మెల్లగా తగ్గిపోతుంది. ఐదేళ్లు దాటి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలోనూ కాస్త పెరుగుదల ఉంది, కాబట్టి ఆ పరీక్ష తప్పకుండా చేయించుకుంటూ ఉండాలి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తుల్లోకి పోవడం. గోలీలు వాడని, గర్భం లేని పదివేల మంది ఆడవాళ్లలో ఏడాదికి 1 నుంచి 5 మందికి ఇది వస్తే, ఈ గోలీలు వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి వస్తుంది. కానీ గర్భంతో ఉన్నప్పుడు ఆ లెక్క 5 నుంచి 20. కాన్పు తర్వాత పన్నెండు వారాల్లో 40 నుంచి 65. గోలీ ప్రమాదం ఎంతో చెప్పేటప్పుడు గర్భం ప్రమాదం ఎంతో కూడా పక్కన పెట్టి చూడాలి.

అంతర మంచి ఇంజక్షనే, 2017 నుంచి ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా ఇస్తున్నారు. కానీ నీకు మాత్రం నేను వద్దంటాను. ఆపిన వెంటనే సంతానశక్తి తిరిగి రాదు. ఆఖరి ఇంజక్షన్ నుంచి లెక్కేస్తే గర్భం నిలవడానికి సగటున పది నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. రోజూ భర్త ఇంట్లో ఉండే మనిషికి ఆ ఆలస్యం పెద్ద లెక్క కాదు. నీకు వచ్చే ఏడు దొరికేది ఆ రెండు నెలలే. అప్పటికి అండం విడుదల మొదలు కాకపోతే నీకు ఇంకో ఏడాది పోయినట్టే.

ఏ గోలీ అయినా మొదలుపెట్టే ముందు ఇవి చెప్పు. బీపీ ఎంత? సగం తలనొప్పి ఉందా, అది వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు కనిపిస్తాయా? మీ అమ్మకు గానీ అక్కచెల్లెళ్లకు గానీ కాలు వాచి రక్తం గడ్డకట్టిందా? టీబీకి, ఫిట్స్‌కు మందులు వాడుతున్నావా?

ఏటూరునాగారం_అమ్మ

నేను అంతర వాడుతున్నాను. నాకు ఇద్దరు పిల్లలు, ఇక వద్దనుకున్నాం, కానీ ఆపరేషన్‌కు నాకు ధైర్యం లేదు. మా ఊరి నుంచి మెడికల్ షాపుకు పోవాలంటే బస్సెక్కాలి. వానాకాలం వాగు పొంగితే ఆ బస్సు కూడా ఉండదు. రోజూ గోలీ గుర్తుపెట్టుకునే బాధ లేదు, మూడు నెలలకోసారి కార్డు పట్టుకొని పోతే సిస్టర్ ఇంజక్షన్ ఇచ్చి మళ్లీ ఎప్పుడు రావాలో రాసిస్తుంది.

మొదట్లో రోజూ కొంచెం కొంచెం కనబడి చాలా చిరాకు పెట్టింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఆగితే చెడు రక్తం లోపలే పేరుకుంటుందని మా అత్తమ్మ గోల. ఏఎన్ఎమ్ వచ్చి చెప్పింది: లోపల పొర మందంగా పెరిగితేనే కదా బయటకు వచ్చేది, ఇంజక్షన్‌తో అది పెరగదు, పేరుకునేదేమీ లేదు అని. బరువు మాత్రం పెరిగాను, అది నిజం.

సుబేదారి_సిస్టర్

నీకు అంతర సరిగ్గా సరిపోయింది. బరువు విషయం కూడా నిజమే, మామూలు గోలీలతో పెద్ద తేడా ఉండదు కానీ ఈ ఇంజక్షన్‌తో కొందరికి పెరుగుతుంది. వాడుతున్నన్నాళ్లు ఎముకల గట్టిదనం కాస్త తగ్గుతుంది, ఆపాక మళ్లీ పుంజుకుంటుంది. రెండేళ్లు దాటాక కొనసాగించాలా వద్దా అని డాక్టర్‌ను ఒకసారి అడుగు.

నర్సంపేట_మెడికల్

షాపు నడిపేవాడిగా రెండు మాటలు. మా దగ్గరికి వచ్చేవాళ్లు మూడు నాలుగు రకాల గోలీలను ఒకే గోలీ అనుకుంటారు, అక్కడే ప్రమాదం.

బతుకమ్మ దగ్గర పడుతుందంటే, మేడారం జాతర ఏడు వచ్చిందంటే, డేట్ వాయిదా గోలీలకు షాపు ముందు జనం. అది నోరెథిస్టెరోన్, 5 మి.గ్రా., మామూలుగా డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు వేసుకుంటారు. అది కూడా హార్మోనే. కానీ పండుగకు అలా నాలుగు రోజులు వేసుకుంటే గర్భం రాకుండా ఆపదు. కోరుట్ల చెల్లె, మీ ఆయన వచ్చేది బతుకమ్మ టైముకే అంటున్నావు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఇవి వేసుకున్నాను కదా అని ధీమాగా ఉండకు. రక్తం గడ్డకట్టిన మనుషులు ఈ గోలీల జోలికి కూడా డాక్టర్‌ను అడగకుండా పోకూడదు.

రెండోది, 72 గంటల గోలీ. లివోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. అండం విడుదలను వెనక్కి నెడుతుంది, అంతే. ఎంత తొందరగా వేసుకుంటే అంత పని చేస్తుంది. అండం విడుదలయ్యాక వేసుకుంటే ఫలితం ఉండదు. నెలకు నాలుగుసార్లు కొనుక్కుపోయేవాళ్లున్నారు. వాళ్ల గర్భసంచి పాడవుతుందని కాదు, రోజువారీ పద్ధతితో పోలిస్తే అది బాగా తక్కువ కాపాడుతుంది, డేట్లన్నీ తారుమారవుతాయి.

మూడోది అబార్షన్ కిట్. అది పూర్తిగా వేరే మందు, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, మేం ఇవ్వం.

ఇంకో మాట. పదిహేను రూపాయల గోలీ కంటే మూడు వందల గోలీ మంచిదనుకోకండి. రక్తం గడ్డకట్టే విషయంలో లివోనార్జెస్ట్రెల్ ఉన్న పాతరకం గోలీలదే తక్కువ ప్రమాదం. మొటిమలు తగ్గుతాయని చెప్పి రాసే కొన్ని కొత్త రకాలది దానికంటే కాస్త ఎక్కువ.

కరీంనగర్_టీచరమ్మ

సిస్టర్ అడిగిన ఆ ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదు. పెళ్లయిన కొత్తలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో రెండు నిమిషాల్లో గోలీలు రాసిచ్చి పంపేశారు. నాకు ఇంటర్ చదివే రోజుల నుంచీ మైగ్రేన్ ఉంది. నొప్పి వచ్చే ముందు ఒక పక్క చూపులో వెలుగు గీతలు వంకరటింకరగా కదులుతాయి, బోర్డు మీద రాసిన అక్షరాల్లో సగం కనిపించవు. గోలీలు మొదలుపెట్టాక అది వారం వారం రావడం మొదలైంది. ఒకరోజు క్లాసులో మాట తడబడింది. వరంగల్ తీసుకెళ్లి నరాల డాక్టర్‌కు చూపిస్తే ఆయన మొట్టమొదట అడిగింది ఏం గోలీలు వాడుతున్నావని. ఇలా మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ గోలీలతో పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది, అస్సలు ఇవ్వకూడదు అని ఆ రోజే ఆపించారు.

మనసు సంగతి కూడా చెప్పాలి. ఆ నెలల్లో కారణం లేకుండా ఏడుపు వచ్చేది, పిల్లల నోటుబుక్కులు దిద్దాలన్నా విసుగు. అందరికీ ఇలా అవుతుందని నేను అనను. 2016లో డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా ఆడవాళ్ల రికార్డులు చూసి, హార్మోన్ పద్ధతులు వాడేవాళ్లలో, ముఖ్యంగా పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో, డిప్రెషన్ మందులు మొదలుపెట్టినవాళ్లు కాస్త ఎక్కువ అని తేల్చారు. గోలీలే కారణమని దాంతో రుజువైపోదు. కానీ మనిషి మారిపోయినట్టు అనిపిస్తే అది నీ ఊహే అని కొట్టిపారేయకండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

ఇప్పుడు కాపర్-టీ వేయించుకున్నాను. అందులో హార్మోన్ లేదు. నాకు బాగుంది.

పరకాల_పెద్దక్క

అందరూ హార్మోన్ అంటే భయం భయం అంటున్నారు. నా సంగతి వినండి. నాకు ఇరవై రెండేళ్లకే ఆపరేషన్ చేయించారు. మా కాలంలో ఇద్దరు పిల్లలయ్యాక వేరే మాటే లేదు, ఇప్పటికీ తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా చేసుకునేది అదే. ముప్పై దాటాక పీరియడ్స్ ఆగకుండా అయ్యేవి. పత్తి ఏరే రోజుల్లో బట్ట మార్చుకునే చోటు లేక సగం పూట ఇంటికి వచ్చేదాన్ని. ఒక ప్రైవేటు దవాఖానలో గర్భసంచి తీసేయాలి, లేకపోతే క్యాన్సర్ అవుతుంది అన్నారు. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. అప్పుడు నాకు ముప్పై ఐదు. ఆ ఏడాదే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం మొదలయ్యాయి. ఇప్పుడు యాభై కూడా లేవు, నడుము ఎముకలు గుల్లబారాయని చెప్పారు.

మా బిడ్డకు అదే బాధ వస్తే హనుమకొండలో డాక్టరమ్మ హార్మోన్ లూప్ వేసింది. అప్పుడు తెలిసింది నాకు, రక్తం తగ్గించడానికి గోలీలు ఉన్నాయని, లూప్ ఉందని, కోత అవసరం లేకుండా పోయే అవకాశం నాకూ ఉండేదని. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువ జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. హార్మోన్ చెడ్డదని నోరు పారేసుకునేవాళ్లు ఆ కోతల గురించి ఎందుకు మాట్లాడరు?

సుబేదారి_సిస్టర్

పెద్దక్కా, మీరు రాసింది అందరూ చదవాలి. ఆ లూప్‌లో 52 మి.గ్రా. లివోనార్జెస్ట్రెల్ ఉంటుంది, గర్భసంచిలోనే కొద్దికొద్దిగా విడుదలవుతుంది. రక్తస్రావం బాగా తగ్గిస్తుంది, గర్భమూ రానివ్వదు. మొదటి కొన్ని నెలలు మరకలు కనబడతాయి, అప్పుడే తీయించుకోకుండా ఓపిక పట్టాలి. వేల రూపాయల ఖర్చు ఉంది, అదే దాని ఇబ్బంది.

కేయూ_హాస్టల్

నాకు పెళ్లి కాలేదు. డేట్లు సరిగ్గా రాకపోతే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) అని డాక్టర్ ఇవే గర్భం రాకుండా వాడే గోలీలు రాశారు. హాస్టల్‌లో రూమ్మేట్ షీటు చూసి వేరేగా అనుకుంది, మా అమ్మకు చెబుతానంది. దాంతో మధ్యలో ఆపేశాను. ఇప్పుడు డేట్ వచ్చి మూడు నెలలు దాటింది. ఏం చేయాలి?

సుబేదారి_సిస్టర్

మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి వెళ్లు తల్లీ, వీలైతే మీ అమ్మను తీసుకొనే వెళ్లు. అమ్మకు డాక్టర్ నోటితో వినిపిస్తే సగం టెన్షన్ పోతుంది. గోలీలు పీసీఓడీని పూర్తిగా నయం చేయవు, ఆపితే మళ్లీ డేట్ తప్పవచ్చు. కానీ నెలల తరబడి పీరియడ్ రాకపోతే లోపలి పొర మందమవుతూ పోతుంది, అది మంచిది కాదు, అందుకే ఇస్తారు. రూమ్మేట్‌కు నువ్వు సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు.

కోరుట్ల_కోడలు

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ ఇంజక్షన్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఈ వారమే వేయించుకునేదాన్ని.

సిస్టర్, బీపీ 110/70. మైగ్రేన్ లేదు. టీబీ, ఫిట్స్ లేవు. గోలీల విషయంలో నాకు ఇంకో బాధ ఉంది. ఆయన రాకముందే మొదలుపెట్టాలి అంటున్నారు. ఆయన పోయాక కూడా షీటు ఇంట్లో కనబడితే, మొగుడు దేశంలో లేకుంటే ఈ గోలీలు దేనికని అడుగుతారు. మా వీధిలో ఒకామెకు ఇదే జరిగింది. ఆమె కడుపునొప్పికి వాడుతోంది, ఎవరూ నమ్మలేదు. చివరికి షార్జాకు ఫోన్ పోయింది. అందుకని ఆయన ఉన్న రెండు నెలలే వాడి ఆపేస్తే, మళ్లీ సెలవుకు మళ్లీ వాడితే సరిపోదా?

అమ్మను అడిగాను. తమ్ముడు పుట్టాక ఆమెకు ఎడమ కాలు బాగా వాచి, రక్తం గడ్డకట్టిందని కరీంనగర్‌లో పది రోజులు ఉంచారట. నాకు ఇన్నాళ్లూ తెలియదు.

నర్సంపేట_మెడికల్

రెండు నెలలకైతే ఏమీ కాదమ్మా. పీరియడ్ మొదలైన ఐదు రోజుల్లోపు షీటు మొదలుపెట్టు, ఆయన వచ్చేలోపు ఏడు గోలీలు పూర్తయితే చాలు. చాలామంది గల్ఫ్ వాళ్ల ఆడవాళ్లు ఇలాగే తీసుకుంటారు.

సుబేదారి_సిస్టర్

అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ ఉండేది మొదలుపెట్టిన తొలి నెలల్లోనే. నాలుగు వారాలు, అంతకంటే ఎక్కువ ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ తొలి నెలల ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది. ఏడాదికి రెండు నెలలు వాడే మనిషి ప్రతిసారీ ఆ ప్రమాదపు నెలల్లోనే ఉంటుంది. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు అది కూడా చిన్న ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ కన్నతల్లికి గడ్డకట్టిన చరిత్ర ఉంది. కొందరికి అది వంశపారంపర్యంగా వస్తుంది. గోలీలు పూర్తిగా నిషేధమని కాదు, ఈ అమ్మాయికి ఈస్ట్రోజన్ లేని దారులు ఉన్నప్పుడు ముందు వాటినే చూడాలి.

చెల్లె, అమ్మ పాత చీటీలు ఉంటే వెతికించు. నీకైతే కాపర్-టీ బాగుంటుందనుకుంటున్నాను. ఐదేళ్లది ఉంది, పదేళ్లది ఉంది, ప్రభుత్వ దవాఖానలో డబ్బు తీసుకోరు. తీయించిన నెల నుంచే గర్భం నిలవవచ్చు, కాబట్టి వచ్చే ఏడు ఆయన బయలుదేరే ముందు తీయించుకుంటే చాలు. అల్మారాలో షీటు లేదు, ఎవరికీ జవాబు చెప్పే పనీ లేదు. ఇబ్బంది ఒక్కటే, మొదటి నెలల్లో రక్తం ఇంకాస్త ఎక్కువ పోవచ్చు, నీకు అసలే 9 ఉంది. ఐరన్ గోలీలు ఇవాళే మొదలుపెట్టు. భోజనం చేసిన వెంటనే టీ తాగకు, ఐరన్ ఒంటికి పట్టదు. రక్తం మరీ ఎక్కువైతే ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న గోలీల గురించి డాక్టర్‌ను అడుగు. అవి రోజూ ఒకే టైముకు వేసుకోవాలి.

నర్సంపేట_మెడికల్

వాళ్లమ్మ సంగతి నేను సరిగ్గా చూడలేదు. సిస్టర్ చెప్పినట్టే చెయ్యి అమ్మా. కానీ సిస్టర్, గోలీల కోసం వచ్చే ప్రతి మనిషినీ డాక్టర్ దగ్గరికి పొమ్మంటే సగం మంది అసలు ఏమీ వాడరు, మూడు నెలలకు కిట్ కోసం వస్తారు. అది ఇంకా పెద్ద ప్రమాదం కదా?

సుబేదారి_సిస్టర్

అందుకే షాపులో ఒక బీపీ మిషన్ పెట్టమంటాను అన్నా. 140/90 దాటితే షీటు ఇవ్వకండి. వయసు, పొగాకు, మైగ్రేన్, పాలిచ్చే బిడ్డ, ఇంట్లో గడ్డకట్టిన చరిత్ర, ఇవన్నీ అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

జగిత్యాల_షార్జా

నేను మగవాణ్ని, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. చెల్లె ఇంత టెన్షన్ పడుతుంటే వాళ్లాయన ఏం చేస్తున్నాడని అనిపించింది. సెలవుకు పోయేటప్పుడు నేను కండోమ్ ప్యాకెట్లు ఇక్కడే కొనుక్కొని పోతాను, మా ఊళ్లో కొనాలంటే షాపులో అందరూ తెలిసినవాళ్లే. ఇద్దరు పిల్లలయ్యాక, పోయిన సెలవులో నేనే వేసెక్టమీ చేయించుకున్నాను. కోత కూడా లేదు, అరగంట పని. మూడు నెలల దాకా వేరే జాగ్రత్త వాడి, తర్వాత వీర్యపరీక్ష చేయించుకోమన్నారు. బలం తగ్గుతుందని మా రూములో అందరూ భయపెట్టారు. రోజూ బరువులు మోసే పని నాది, ఏ తేడా లేదు.

సుబేదారి_సిస్టర్

తప్పకుండా రాయాలి తమ్ముడూ. కండోమ్ గురించి ఇంకొకటి, సుఖవ్యాధులు, హెచ్ఐవీ అంటకుండా కాపాడేది అదొక్కటే. గోలీ గానీ ఇంజక్షన్ గానీ కాపర్-టీ గానీ ఆ పని చేయవు. చాలా రోజులు దూరంగా ఉండి కలిసే దంపతులు సిగ్గుపడకుండా ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే మంచిది.

కోరుట్ల_కోడలు

రాత్రి ఫోన్‌లో ఆయనకు అంతా చదివి వినిపించాను. కాపర్-టీ వేయించుకో, వేయించుకునేదాకా నేను జాగ్రత్త పడతాను అన్నాడు. మంగళవారం అమ్మతో కలిసి జగిత్యాల దవాఖానకు పోతున్నాను, అమ్మ చీటీలు కూడా దొరికాయి. కాపర్-టీకి భర్త సంతకం కావాలంటారా? ఆయన ఇంకా రాలేదు కదా.

సుబేదారి_సిస్టర్

అక్కర్లేదు. నువ్వు ఒప్పుకుంటే చాలు, అడిగితే ఇదే చెప్పు. పీరియడ్ మొదలైన పన్నెండు రోజుల్లోపు వెళ్తే గర్భం లేదని తేల్చుకోవడం వాళ్లకూ సులువు. తెల్లబట్ట వాసన వస్తున్నా, పొత్తికడుపులో నొప్పి ఉన్నా వేసే ముందే చెప్పు, అది తగ్గాకే వేస్తారు. వేసిన రోజు నుంచే పని చేస్తుంది. నెలన్నర లోపు ఒకసారి చూపించుకోవాలి, అప్పుడే హిమోగ్లోబిన్ కూడా మళ్లీ చేయించు. జ్వరం వచ్చినా, కాపర్-టీకి ఉండే దారం చేతికి తగలకపోయినా ఆ నెలన్నర కూడా ఆగకు.